విమానాలాయన గాలి

పొద్దున్నే ఆరింటికి లేచి కుట్టుమిషన్ల మెకానిక్ పాలు పొయ్యి మీద పెడతాడు. అవి పొంగేలోపు వరండా ఊడ్చేస్తాడు. ఆరున్నరకి భార్య లేస్తుంది, ఏడింటికి అత్తగారు లేస్తారు, ఎనిమిదిన్నరకి భార్య కంటి ఆసుపత్రికి బయల్దేరుతుంది. అక్కడ ఆవిడ పని కళ్ళజోళ్ళ నంబర్లు చూడ్డం. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, "ముందుది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతుంది. రోజుకి నలభైమందిని అడుగుతుంది. అదే నోటి అలవాటై ఇంట్లో దిండు గలీబు మార్చినా, కూరలో ఉప్పు చూడమన్నా ఆ మాటే వస్తుంది. వచ్చినప్పుడల్లా మెకానిక్ గుండెలో సూది దిగుతుంది.

ఎందుకంటే ఆవిడకి ముందొకాయన ఉండేవాడు.

ఆ ముందాయన్ని వీధిలో అందరూ విమానాలాయన అనేవాళ్ళు. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు తనే చెక్కి, అతికించి, రంగులేసి, ఆదివారం పొద్దున ఊరి చివర మైదానంలో ఎగరేసేవాడు. మూడేళ్ళ కింద ఒక మంగళవారం మధ్యాహ్నం, తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. ఆ రోజు ఆవిడ ఇంట్లో ఉండాల్సింది. తోటి ఉద్యోగి అడిగిందని డ్యూటీ మార్చుకుని వెళ్ళింది. ఈ సంగతి ఆవిడ మెకానిక్‌కి ఒక్కసారే చెప్పింది, అదీ పెళ్ళికి ముందు. "నన్ను పిలిచాడో ఏమో. అదొక్కటే తెలీదు నాకు" అంది. అక్కడితో ఆపేసి, మీకు పంచదార ఎంత వెయ్యమంటారు అని అడిగింది.

వాళ్ళ పెళ్ళయి ఏడాదిన్నర. మెకానిక్ నెమ్మదైన మనిషి, చేతిలో పనితనం ఉన్నవాడు. పాతికేళ్ళుగా మూలపడ్డ మిషన్ని కూడా ఒక పూటలో కూర్చోబెట్టి కుట్టించగలడు. అయినా వీధిలో ఆయన పేరు 'రెండో ఆయన'. "రెండో ఆయనా, మా మిషను దారం తెంపుతోంది, కాస్త చూడండి" అని ముఖం మీదే పిలుస్తారు. చెడ్డ ఉద్దేశమేం లేదు. మూలింట్లో ఉండేవాణ్ణి మూలింటాయన అన్నట్టే.

ఇక ఇంట్లో ఏ మేకు చూసినా విమానాలాయన కొట్టిందే. వంటింటి అల్మరా తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటే, "అది పాత అల్లుడు బిగించిందిలెండి" అంటారు అత్తగారు. కిర్రుమంటే, "ఆయన పోయాక పట్టించుకున్నవాళ్ళు లేరు" అంటారు. ఎటు తిప్పినా ఆయనదే గెలుపు. బతికున్నవాడి మీద కడుపుమంటైతే దానికో మందుంటుంది. ఏదో ఒక రోజు వాడు పదిమందిలో ఒక తెలివితక్కువ మాట అంటాడు, మన మనసు చల్లబడుతుంది. పోయినవాడు ఆపాటి సాయం కూడా చెయ్యడు.

పక్కగదిలో కప్పు నుంచి ఏడు విమానాలు వేలాడుతుండేవి. వాటి కింద ఒక బల్ల, స్క్రూల డబ్బాలు, డబ్బాల మీద ఆయన చేతిరాత. మూలన దుప్పటి కప్పిన కంప్యూటర్. ఆ గది ఊడవడం కూడా మెకానిక్ వంతే. ఊడ్చేటప్పుడు తల వంచుకుని నడిచేవాడు, రెక్కలు తగులుతాయని. ఆ ఇంట్లో ఆయన తల వంచి నడిచే గది అదొక్కటే, అదీ రోజూ.

ఒక శనివారం పొద్దున కెప్టెన్ వచ్చాడు. కెప్టెన్ అంటే ఓడలూ కాదు, సైన్యమూ కాదు. తపాలా ఆఫీసులో చేసి రిటైరైన పెద్దాయన. ఎండలో టోపీ తియ్యడు కాబట్టి ఆ పేరు. మైదానంలో విమానాలెగరేసేవాళ్ళందరికీ ఆయనే పెద్ద.

"వచ్చే నెల చివరి ఆదివారం మావాళ్ళందరం కలుస్తున్నామమ్మా" అన్నాడు భార్యతో. "ఆయన పసుపు విమానం ఒక్కసారి గాల్లోకి లేస్తే చూడాలని అందరికీ ఉంది."

ఆవిడ పక్కగది తలుపు వైపు చూసింది. "ఎవరు ఎగరేస్తారు బాబాయ్? దానికి ఆయన చెయ్యి తప్ప ఇంకొకళ్ళ చెయ్యి తెలీదు."

"నేను ఎగరేస్తాను."

అన్నదెవరా అని మెకానిక్ కూడా చుట్టూ చూశాడు. అన్నది తనే.

"మీకు కుట్టుమిషన్లు కదా బాబూ" అన్నారు అత్తగారు, ఉన్న జబ్బేదో గుర్తు చేస్తున్నట్టు.

భార్య మాత్రం ఆయన్ని కాస్త పరీక్షగా చూసి, "సరే, చూద్దాం" అంది. ఎదురుగా కూర్చున్న రోగి అక్షరాలు తప్పు చదివినప్పుడు అనే 'చూద్దాం' అది.

కెప్టెన్ మూడు బ్యాటరీలు ఇచ్చాడు. ఛార్జర్ విమానాలాయనది ఉండనే ఉంది, అరచేతిలో పట్టేంత. కానీ అది గోడ కరెంటు తినదు. దానికి పన్నెండు వోల్టులు ఇచ్చే పెట్టె వేరే ఉండాలి, ఆ పెట్టె ఎప్పుడో మాడిపోయింది.

"దానికేముంది" అన్నాడు కెప్టెన్. "కంప్యూటర్లో కరెంటు పంచే డబ్బా, పవర్ సప్లై, ఉంటుందే, మేమందరం దాన్నే మార్చుకుని వాడతాం. ఆయనైతే గంటలో చేసేవాడు."

ఆ గంట అన్న మాట మెకానిక్ చెవిలో గంటలాగే మోగింది.

పాత సప్లై ఏ కంప్యూటర్ల షాపులో అడిగినా ఇస్తారు. కానీ సోమవారం మధ్యాహ్నం భార్య డ్యూటీలో, అత్తగారు కునుకులో ఉండగా, మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసుకుని తిన్నగా ఆ మూలకే వెళ్ళాడు. ఎందుకూ అని ఎవరైనా అడిగితే దగ్గర్లో ఉంది కదా అనేవాడు. దుప్పటి తీసి, వెనక నాలుగు స్క్రూలు విప్పి, సప్లై బయటికి లాగి, ఖాళీ పెట్టె మీద దుప్పటి మళ్ళీ అంచులు సర్ది మరీ కప్పాడు. సాయంత్రం భార్యతో, "షాపులో పాతదొకటి దొరికింది" అన్నాడు. ఏడాదిన్నరలో ఆవిడతో చెప్పిన మొదటి అబద్ధం అదే. ఆవిడ, "మంచిదేలెండి" అంది.

మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకుని కంప్యూటర్ల షాపుకి వెళ్ళాడు. అక్కడ రిపేర్లు చేసేది ముప్ఫై ఏళ్ళమ్మాయి. కళ్ళజోడు నెత్తి మీద, సోల్డరింగ్ తీగ చెవి మీద.

"ఎక్కడ నడిచిందన్నా ఇది?"

"ఒక ఇంట్లో."

"ఎన్నేళ్ళు?"

"ఆరు."

"అయితే బాగానే పీల్చుకుని ఉంటుంది" అంటూ ఆ అమ్మాయి ఫ్యాను దగ్గర వాసన చూసింది.

పవర్ సప్లై ఫ్యాను నడిచినన్నాళ్ళూ గదిలో గాలి లోపలికి పీలుస్తుంది కదా. పీల్చినదంతా దుమ్ముతో పాటు పొరలు పొరలుగా అక్కడే ఉండిపోతుంది. కంప్యూటర్ నుంచి విప్పి విడిగా నడిపిస్తే ముందు పీల్చింది ముందు, తర్వాతది తర్వాత, వరసగా బయటికి ఊదుతుంది. మాటలున్న గాలే వస్తుంది. మౌనం దుమ్ములోనే ఉండిపోతుంది.

"మొన్నొకటి ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి వచ్చింది. రెండు రోజులు ఒకటే ఆవులింతలన్నా, మాకందరికీ నిద్రొచ్చేసింది" అంది ఆ అమ్మాయి. తర్వాత కాయితం తీసి గీసి చూపించింది. "ప్లగ్గు పీకిన రోజే మూత తియ్యకు, లోపల కరెంటు దాక్కుని ఉంటుంది. పచ్చ వైరు నల్లదానితో కలిపితే ఇది మేలుకుంటుంది. పసుపు వైర్లన్నీ ఒక కట్ట, నల్లవన్నీ ఒక కట్ట. నీ పన్నెండు వోల్టులు ఆ రెంటి మధ్యే. ఎర్ర వైరుకి కూడా ఏదో ఒక పని చెప్పాలి, దానికి పని లేకపోతే పసుపుది నీరసపడుతుంది. ఉమ్మడి కుటుంబం అనుకో. ఈ సిమెంటు రెసిస్టర్ ఎర్రదానికీ నల్లదానికీ మధ్య పెట్టు. వేడెక్కుతుంది, ఎక్కనీ."

సప్లైని మళ్ళీ సంచిలో పెట్టి ఇస్తూ, "ఒక్క మాటన్నా. ఇది ఇంట్లోవాళ్ళదైతే అందర్నీ కూర్చోబెట్టి నడిపించు. బయటికొచ్చిన గాలి మళ్ళీ లోపలికి పోదు" అంది.

మెకానిక్ తలూపాడు.

గంటలో కాలేదు. మొదటి మధ్యాహ్నం వైర్లు రంగుల వారీగా వేరు చెయ్యడానికే సరిపోయింది. రెండో మధ్యాహ్నం అన్నీ అతికించి మీట వేస్తే, ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. షాపుకి పరిగెత్తాడు. "గోధుమరంగు వైరు కోసేశావా?" అని నవ్విందా అమ్మాయి. "అది కాపలా వైరన్నా. నారింజ రంగుదాంతో కలిపితేనే ఇంట్లో అంతా సవ్యంగా ఉందని నమ్ముతుంది." మూడో మధ్యాహ్నం అది కూడా కలిపాడు. ఎర్రదొకటి, నల్లదొకటి, వైర్లు తగిలించే రెండు మరలు డబ్బా ముందు బిగించి ఛార్జర్ తగిలించాడు. ఛార్జర్ కీచుమని ఒక్కసారి అరిచి బ్యాటరీ పుచ్చుకుంది. ఫ్యాను తిరిగింది.

ముందు కొత్త బల్ల వార్నిష్ వాసన వచ్చింది. తర్వాత భార్య గొంతు.

"ఒరేయ్ తిక్కలోడా, ముందు నువ్వు చెయ్యి తియ్యి. వేలు నలుగుతుంది!"

"నలిగితే నువ్వే కదా ఊదేది" అంది ఒక మగ గొంతు.

ఆ తర్వాత నవ్వు. ఆవిడదే. చివర్లో ఊపిరందక ఎక్కిలిలా తెగిపోయే నవ్వు. మెకానిక్ ఆ నవ్వు ఎన్నడూ వినలేదు. ఏడాదిన్నరగా ఆయనకి వినిపించింది, "మీరు తిన్నారా, మీరు తాళం వేశారా, మీకు చలేస్తోందా." ఎంత మర్యాద! ఆ మర్యాదని ఆయన ఇన్నాళ్ళూ ప్రేమే అనుకున్నాడు. ఇప్పుడు పక్కనే 'ఒరేయ్' వినిపించేసరికి ఆ 'మీరు'లన్నీ ఆసుపత్రిలో రోగుల్ని పిలిచే 'మీరు'ల్లా అనిపించాయి.

సాయంత్రం చెప్పేద్దాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. సాయంత్రం ఆవిడ వచ్చి గేటు గొళ్ళెం వేస్తూ, "ఇది వదులైంది. ఆయనుంటే ఈ పాటికి..." అని, చటుక్కున నాలిక్కరుచుకుని లోపలికెళ్ళిపోయింది. మెకానిక్ లోపలికి వెళ్ళలేదు. గొళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంత ఉంటుందిలే, ఆరేళ్ళ గాలి! ఊది ఊది ఖాళీ అవుతుంది. ఆవిడ చెవిన పడకుండా చివరి చుక్క దాకా పోయాక, ఈ ఇంట్లో ఆయన గొంతు ఉండదు. అప్పుడు చూద్దాం.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం రెండింటికి తన దుకాణం మూసి ఇంటికొచ్చేవాడు. ఒక బ్యాటరీ నిండడానికి గంటా పావు. మూడూ నిండిపోతే, కారు బల్బు తగిలించి వాటిని ఖాళీ చేసి, మళ్ళీ నింపేవాడు. ఛార్జర్‌కి తిండి కావాలంటే సప్లై నడవాలి, సప్లై నడిస్తే విమానాలాయన కరగాలి. తన దుకాణం ముందు కుట్టని మిషన్లు వరసకట్టాయి. మెకానిక్ మాత్రం పక్కగదిలో స్టూలు మీద కూర్చుని, పిడికిళ్ళు బిగించి, ఒక్క మాట పొల్లుపోకుండా వినేవాడు. విననక్కర్లేదు, తలుపేసి పోవచ్చు. పోలేదు. వాళ్ళు పోట్లాడుకుంటే ప్రాణం లేచొచ్చేది. మరు నిమిషంలో రాజీ పడిపోతే మళ్ళీ కాలిపోయేవాడు.

రెండో వారంలో అత్తగారు కునుకు మధ్యలో లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పాత అల్లుడి గొంతు కదూ?"

మెకానిక్ ముఖం పాలిపోయింది. "అత్తయ్యగారూ, ఇది..."

"అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. చెప్పకండి."

"అదేం మాట బాబూ! తప్పు కదూ?" అంటూనే ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. "పాపం, బంగారం లాంటి మనిషి. నన్ను సొంత తల్లిలా..."

సరిగ్గా అప్పుడే ఫ్యాను లోంచి విమానాలాయన గొంతు, పెద్దావిడ గురక ఎలా ఉంటుందో చేసి చూపించింది. ఎత్తుకోవడం, మధ్యలో ఆగడం, ఈల వెయ్యడం, ఏదీ వదల్లేదు. వెనకాల కూతురు నవ్వాపుకోలేక, "ఆపరా, వింటుంది!" అంటోంది.

అత్తగారు గురక పూర్తయ్యేదాకా విన్నారు. లేచి, పైట సర్దుకుని, "మీరే నయం బాబూ. అనుకున్నా పైకి అనరు" అన్నారు. ఆ తర్వాత ఆ విషయం కూతురి దగ్గర ఎత్తనే లేదు. పాత అల్లుడి పేరు కూడా ఓ నాలుగు రోజులు ఎత్తలేదు. మెకానిక్‌కి ఆ నాలుగు రోజులు పండగే.

పొద్దున పూట కెప్టెన్ దగ్గర ఎగరెయ్యడం నేర్చుకుంటున్నాడు. నేర్పడానికి వాడే విమానం రెండుసార్లు ముక్కు విరగ్గొట్టాడు. "తొందరపడకండి. ఆయన చెయ్యి చూశారూ, నీళ్ళలో చేప తోక లాగా..." అని కెప్టెన్ మొదలుపెట్టేవాడు. మెకానిక్ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ లేపేవాడు. కుట్టుమిషన్ పాదం కింద గుడ్డ నడిపిన వేళ్ళు కదా, నాలుగో వారానికి పట్టు చిక్కింది. అయినా కెప్టెన్ నోట మెచ్చుకోలు ఒక్కటీ ఒంటరిగా రాదు. "అబ్బో, ఆయన గుర్తొచ్చాడు!" అంటాడు.

ఐదో వారం గురువారం. ఫ్యాను లోంచి వచ్చే వాసనలు ఇప్పటి ఇంటి వాసనల్లా ఉన్నాయి. అదే సబ్బు, అదే గోడల సున్నం. భార్య గొంతు కూడా ఇప్పటి గొంతే.

"రేపు మంగళవారం సెలవే కదా, సినిమాకి పోదాం" అంటోంది విమానాలాయనతో. అంతలో ఫోను మోగింది. "చెప్పు... రేపా? అయ్యో, జ్వరమా పాపకి? సరేలే, నేను వస్తాను, నీ బదులు."

మెకానిక్ స్టూలు మీంచి లేచాడు.

తర్వాతది ఆ మంగళవారం. ఆవిడకి తెలియని ఆ ఒక్క మధ్యాహ్నం. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే అది కూడా కిటికీలోంచి వీధిలోకి పోతుంది. పోనీ, తను వింటాడు. ప్రపంచం మొత్తం మీద తనొక్కడికే తెలిసి ఉంటుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, ఆ తీపికే ఆయనకి తన మీద తనకి రోత పుట్టింది. ఎన్నాళ్ళుగా తాగుతున్నానురా దీన్ని, అనుకున్నాడు. చెయ్యి మీట మీద పడింది. ఫ్యాను ఆగింది.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, కంటి ఆసుపత్రికి నడిచాడు. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చి చీకటి గదిలోకి వెళితే, ఆవిడ తలెత్తకుండానే, "కూర్చోండి. గడ్డం ఇక్కడ ఆనించండి" అంది. ఆయన కూర్చుని, గడ్డం ఆనించాడు. అద్దం వెనక ఆవిడ కన్ను పెద్దగా కనిపించింది.

"నేనే" అన్నాడు.

"అయ్యో, మీరేంటి ఇక్కడ? కళ్ళు మండుతున్నాయా?"

గడ్డం తియ్యకుండానే అంతా చెప్పాడు. దుప్పటి కింద నుంచి తీయడం, అబద్ధం, ఐదు వారాల మధ్యాహ్నాలు, కారు బల్బు. కావాలనే ఖాళీ చేశానన్నాడు. ఓర్వలేకే అన్నాడు. ఆ ముక్క మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సొచ్చింది.

ఆవిడ అద్దం పక్కకి జరిపింది. "ఆరేళ్ళు" అంది. "ఆరేళ్ళు ఊదించేశావా నువ్వు?"

'నువ్వు' అంది. ఆయన కోరుకున్న మాటే.

"మంగళవారం ఒక్కటీ మిగిలింది" అన్నాడు.

ఆవిడ లేచి, బయట కూర్చున్నవాళ్ళతో ఇవాళ్టికి ఇక చూడనని చెప్పింది. ఇద్దరూ ఇంటికి నడిచారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా. ఇంటికి రాగానే ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మెకానిక్, అత్తగారు వరండాలో కూర్చున్నారు. లోపల్నుంచి ఫ్యాను రొద తప్ప ఏమీ వినిపించలేదు. మెకానిక్ చెవులు రిక్కించలేదు. జీవితంలో మొదటిసారి ఆ గది వైపు నుంచి ముఖం తిప్పుకుని కూర్చున్నాడు.

పావుగంటకి తలుపు తెరుచుకుంది.

"పిలవలేదమ్మా" అంది ఆవిడ తల్లితో. "పాట పాడుకుంటున్నాడు, మధ్యలో చరణం మర్చిపోయి తిట్టుకున్నాడు. అబ్బా అన్నాడు ఒకసారి. కుర్చీ కిర్రుమంది. అంతే. ఆ తర్వాత సాయంత్రం నేనొచ్చి అరిచిన అరుపు." తలుపుకి ఆనుకుని, "నన్ను పిలిచే తీరిక కూడా లేకుండా పోయాడు" అంది. అని వెళ్ళి మంచం మీద వాలి, మర్నాడు పొద్దెక్కేదాకా కదలకుండా నిద్రపోయింది. మూడేళ్ళలో అలా నిద్రపోవడం చూడలేదన్నారు అత్తగారు.

లేచాక మెకానిక్‌తో మాట్లాడలేదు. శుక్రవారం, శనివారం అన్నం మాత్రం వడ్డించింది. ఆయన తన గుడ్డలు సంచిలో సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాడు, పొమ్మంటే ఆలస్యం కాకూడదని.

ఆదివారం పసుపు విమానాన్ని ఒక్కడే మైదానానికి తీసుకెళ్ళాడు. ఒప్పుకున్న పని కదా. ముప్ఫైమంది దాకా ఉన్నారు. విమానం ఏడు నిమిషాలు ఎగిరింది. రెండు పల్టీలు కొట్టి, గడ్డి మీద పిచ్చుకలా వాలింది. జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ టోపీ తీసేసి మరీ కావలించుకుని, "అచ్చం ఆయనే!" అన్నాడు. మెకానిక్ ఆ మాటకి కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. సంతోషం కూడా రాలేదు. విమానాన్ని తువ్వాలులో చుట్టుకుని ఇంటికొచ్చాడు.

భార్య పక్కగదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా స్టూలు వేసి ఉంది. సంచి మంచం కింది నుంచి తీసి, గుడ్డలు మళ్ళీ అల్మరాలో పెట్టేసినట్టుంది, ఖాళీ సంచి కొక్కేనికి వేలాడుతోంది.

"కూర్చో" అంది. "నువ్వు విన్నదంతా చెప్పు. మొదటి రోజు నుంచి. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను."

"అంతా గుర్తుంది" అన్నాడు ఆయన, తనకే ఆశ్చర్యమేసి.

నిజంగానే గుర్తుంది. ఇష్టంగా విని ఉంటే సగం మర్చిపోయేవాడు. మండుతూ విన్నాడు కాబట్టి ఒక్కొక్క మాటా ఇస్త్రీ మచ్చలా దిగిపోయింది. ఎవరు ముందు అన్నారు, ఎక్కడ దగ్గారు, గరిట ఎక్కడ కింద పడింది, అన్నీ. ఆ పూట నుంచి ఆవిడ డ్యూటీ నుంచి రాగానే మెకానిక్ ఓ అరగంట చెప్పేవాడు. మొదట్లో కోర్టులో సాక్షిలా చెప్పేవాడు. "గొంతు పెట్టి చెప్పు" అని కసిరింది. గొంతు పెట్టాడు. అత్తగారి గురక కూడా, ఆవిడ ముందే, చేసి చూపించాల్సి వచ్చింది. విమానాలాయన్ని ఇంట్లోంచి ఊదేద్దామనుకున్న మనిషి చివరికి రోజూ సాయంత్రం ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకురావాల్సి వచ్చింది. ఇంకెవరూ తేలేరు మరి. కడుపుమంట తగ్గిందా అంటే, పూర్తిగా తగ్గలేదు. కొన్ని సాయంత్రాలు మధ్యలో ఆగిపోయేవాడు. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి కూర్చునేది.

అలా మూడు నెలలు గడిచాక ఒక రోజు ఆవిడే అడిగింది.

"ఎర్ర విమానం ఒకటుండేది. ఎనిమిది నెలలు కూర్చుని చేశాడు. చూసుకోకుండా దాని మీద కూర్చున్నాను. ఫర్వాలేదులే అని, గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు లోపల ఏమన్నాడో... ఉందా అందులో?"

మెకానిక్‌కి తెలుసు. మూడో వారం విన్నాడు. మొత్తం ఆరేళ్ళ గాలిలో తనని అన్నిటికన్నా ఎక్కువ కాల్చిన మాట అదే, తన జన్మలో అలాంటి మాట అనలేనని అప్పుడే తెలిసిపోయింది కాబట్టి. లేదు, ఆ రోజు కంప్యూటర్ నడవలేదేమో అంటే సరిపోతుంది. ఆవిడ నమ్ముతుంది.

"ఉంది" అన్నాడు. "తలుపేసుకుని ముక్కలన్నీ బల్ల మీద పేర్చుకున్నాడు. ఆ చప్పుడు వచ్చింది. తర్వాత ఒక్కడే నవ్వుకున్నాడు. 'పోన్లే, దీని తోక నాకూ నచ్చలేదు. ఆ సంగతి చెప్పానంటే ధైర్యమొచ్చి మిగతావాటి మీద కూడా కూర్చుంటుంది' అన్నాడు."

ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, వాటి వైపే చూస్తూ ఉండిపోయింది. వీధిలో ఎవరో మెకానిక్ కోసం మిషను మోసుకొచ్చి గేటు తడుతున్నారు. ఆయన లేవబోయాడు.

"ఉండు" అంది ఆవిడ. "ఇంకోసారి చెప్పు."

ఆయన కూర్చుని ఇంకోసారి చెప్పాడు. ఈసారి నిదానంగా, నవ్వు కూడా పెట్టి.